పెట్టెలో ఏముందో రాసి పెడదాం



నేను పద్దెనిమిదేళ్లుగా సౌదీ అరేబియాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. రియాద్‌లో కాపురం. పాత నాణేలు, నోట్లు పోగుచెయ్యడం నా సరదా. మా ఆవిడ వాడే మాట వేరే ఉంది, అది ఇక్కడ చెప్పను. సేకరణ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ఎలా సేకరించాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కదా, మనం పోయాక ఆ పెట్టెలు తెరిచేవాళ్ల గురించి చెబుతానన్నాను. పండగ పూట ఈ పోవడాల గొడవేమిటని విసుక్కోకండి. కాసేపే.

హైదరాబాద్ వాళ్లకి సాలార్‌జంగ్ మ్యూజియం గురించి నేను చెప్పనక్కర్లేదు. కానీ అది మ్యూజియం ఎలా అయిందో గుర్తు చేస్తాను. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949 మార్చి 2న కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు, వీలునామా రాయలేదు. దివాన్ దేవిడీ నిండా మూడు తరాలు పోగుచేసిన వస్తువులు. ప్రభుత్వం ఎస్టేట్ కమిటీ వేసింది. జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుడు వాటిని ఒక క్రమంలో అమర్చారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు ప్రారంభించారు. అయినా వారసుల వ్యవహారం హైకోర్టులో రాజీకి వచ్చేసరికి 1958 డిసెంబరు అయింది. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. ఇప్పటి భవనంలోకి మారింది 1968లో. అక్కడ ముసుగు రెబెక్కా శిల్పం దగ్గర ఎప్పుడూ జనమే. దాన్ని చెక్కింది బెంజోనీ అనీ, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారనీ మనకి తెలుసు. ఆ ఒక్క ముక్క తెలిసుండబట్టే గైడు అక్కడ ఆగి నాలుగు మాటలు చెప్పగలుగుతున్నాడు.

సరే, ఆయన వెనక ప్రభుత్వం నిలబడింది. గల్ఫ్‌లో ఉన్న మన వెనక ఎవరు నిలబడతారు? రూమ్మేట్లు.

2016లో అల్ ఖోబర్‌లో మా మిత్రుడొకాయన గుండెపోటుతో పోయారు. కోనసీమ మనిషి, ఫోర్‌మన్ ఉద్యోగం. కుటుంబం ఊళ్లోనే ఉంటుంది. ఇరవై ఏళ్లు శుక్రవారం శుక్రవారం సూక్‌లలో తిరిగి నాణేలు, నోట్లు కొన్నారు. గదిలో వాళ్లు పాపం సామానంతా జాగ్రత్తగానే సర్ది, మనిషి వెంట కొంత, కార్గోలో కొంత పంపారు. ఆల్బములు బట్టల పెట్టెలో వెళ్లాయి. ఊళ్లో ఆ పెట్టె తెరిచినప్పుడు వదినగారికి కనిపించింది ఏమిటంటే, నల్లబడిన చిల్లర, అరబ్బీ రాతల కాగితాలు. వెండి నాణేలు కొన్ని చింతపండుతో తోమి వరలక్ష్మీ పూజలో పెట్టారు. మిగిలినవి బంధువు ఒకాయన కంసాలి దగ్గర తూకానికి అమ్మిపెట్టాడు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. అమ్మాయికి ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి, ఇంట్లో ఉన్నది వెండి. నిజానికి వాటిలో చాలావాటికి వెండి ధర కంటే పెద్దగా రాదు కూడా. 1354 అని వేసిన సౌదీ రియాల్ వెండి నాణెం బరువు 11.6 గ్రాములు, బ్రిటిష్ ఇండియా రూపాయికి ఇంచుమించు సమానం, బజారులో బాగానే దొరుకుతుంది. అలాంటిది తూకానికి అమ్మినా కొంప మునగదు. ఏది అమ్మొచ్చు, ఏది కూడదు అన్నది మాత్రం ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. చెప్పగలిగినవాడు ఒక్కడే, ఆయనే లేడు.

ఆ ఏడు సెలవుకి వెళ్లినప్పుడు మిగిలిన ఆల్బము చూశాను. అందులో ఒక మాసిన పది రూపాయల నోటు ఉంది. నంబరు ముందు హెచ్, ఏ అక్షరాలు. అది 1959లో మన రిజర్వ్ బ్యాంకు హజ్ యాత్రికుల కోసం ప్రత్యేకంగా వేసిన నోటు. చూసినవాళ్లకి పాత పదే. దాని పక్కన 1953లో సౌదీ మానిటరీ ఏజెన్సీ వేసిన పది రియాళ్ల కాగితం. అక్కడి మొదటి కాగితపు డబ్బు అదే. పేరుకి అది ‘యాత్రికుల రసీదు’! రసీదు అని తెలిస్తే మనవాళ్లు ఏం చేస్తారు? చింపి పారేస్తారు. ఈ రెండూ బతకడానికి కారణం, వెనక ఆయన స్వహస్తాలతో రాసి పెట్టిన చీటీ: ‘ఇది నాది కాదు. పక్క గది మిత్రుడిది. తిరిగి ఇవ్వాలి.’ ఆ పెట్టె మొత్తం మీద ఆయన రాసింది అంతే. తనవాటికి రాసుకోలేదు, పరాయిదానికి రాశారు.

వదినగారు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “బాబూ, ఖరీదెంతో రాయకపోయినా పోయేది. ఇది ఎందుకు కొన్నారో రాసి ఉంటే ఆయన పక్కన కూర్చుని చెప్పినట్టుండేది.”

అప్పటినుంచి నా జాబితా పద్ధతి మారింది. ప్రతి వస్తువుకీ ఒక నంబరు, కవరు మీద అదే నంబరు, పుస్తకంలో అదే నంబరు. ఎక్కడ, ఏ సంవత్సరం, ఎంతకి కొన్నాను. రియాద్‌లో మస్మక్ కోట దగ్గర సూక్ అల్ జల్‌లోనా, తాతగారి ట్రంకు పెట్టెలోదా. ఇది ముచ్చటకి కాదు. మన దేశంలో 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని బయటికి తీసుకుపోకూడదు. తాతగారిచ్చిన పాత నిజాం నాణేన్ని మన అబ్బాయి తెలియక అమెరికా సూట్‌కేసులో వేసుకుంటే విమానాశ్రయంలో సమాధానం చెప్పాల్సింది వాడే. సౌదీలో కొన్నదానికి బిల్లు ఉంటే అదీ కవరులోనే పెట్టండి.

సంవత్సరం మనవాళ్లకి అర్థమయ్యేలా రాయాలి. సౌదీ నాణేల మీదా, నిజాం నాణేల మీదా ఉండేది హిజ్రీ సంవత్సరం, అదీ అరబ్బీ అంకెల్లో. హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే దాదాపు సరిపోతుంది. పైన చెప్పిన 1354 అలా 1935 అవుతుంది. నకిలీ అని మనకి తెలిసినవాటికి నకిలీ అనే రాయాలి. ఇక్కడే మనసొప్పదు, నాకు తెలుసు. తోమొద్దు అని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయండి. ఈనాటి అంచనా ధర రాయడం నాకు అంత నచ్చదు, పదేళ్లకి అది అబద్ధమై పిల్లల మధ్య తగువు పెడుతుంది. దానికి బదులు ఎవరికి చూపించాలో ఇద్దరి పేర్లు రాయండి. ఒక్కరే అయితే ధర కట్టేదీ ఆయనే, కొనేదీ ఆయనే అవుతాడు.

జాబితా వీలునామా కాదు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకపోతే భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లికీ సమాన వాటా ఉంది. ఫలానా ఆల్బము ఫలానా వాళ్లకే అనుకుంటే ఇద్దరు సాక్షులతో వీలునామా రాసి, జాబితా నంబర్లు అందులో చూపండి. ముస్లిం సోదరులకు వీలునామా సాధారణంగా మూడో వంతు దాకానే చెల్లుతుంది కనుక లాయరుని అడిగి రాయడం మంచిది.

మన వృత్తివాళ్లకి ఒక మాట. జాబితా అనగానే మనం ముందు ప్రోగ్రామ్ రాయడం మొదలుపెడతాం. ఆరు నెలలకి ప్రోగ్రామ్ తయారవుతుంది, అందులో ఎక్కించినవి పదకొండు నాణేలు. మామూలు ఎక్సెల్ చాలు. ప్రింటు తీసి ఒక ప్రతి పెట్టెలో, ఒకటి ఊళ్లో ఇంట్లో. పాస్‌వర్డ్ మనతోనే పోతే కంప్యూటర్‌లో ఉన్నా లేనట్టే. తెలుగులో రాయండి. చదవాల్సింది మ్యూజియం వాళ్లు కాదు, ఇంట్లోవాళ్లు.

నా దగ్గర నాలుగొందల చిల్లర ఉన్నాయి. మూడొందల ముప్ఫై దాకా రాశాను. నా జాబితా మొదటి రెండు పేజీలు కొన్ని ప్రతులు తీసి తెచ్చాను, హాలు బయట బల్ల మీద ఉన్నాయి, కావలసినవాళ్లు తీసుకోండి. సూక్‌లో బేరాల సంగతులు అడగాలనుకునేవాళ్లు భోజనాల దగ్గర అడగండి. మా ఆవిడ వినేచోట మాత్రం కొన్న ధరలు అడక్కండి.