యంత్రానికీ ఒక హద్దు

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



డెబ్బైయైదేండ్ల పండుగనాడు పాఠశాల చరిత్ర చెప్పక, కంప్యూటరు వేడిని గురించి మాట్లాడడమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ బళ్ళారి సీమలో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలు ఆధునిక శాస్త్రాన్ని అందుకోగలరా అని ప్రవేశాల వేళ తల్లిదండ్రులు నన్ను ఏటా అడుగుతుంటారు. గత వేసవిలో మన కంప్యూటరు గదిలో జరిగిన ఒక చిన్న సంఘటనే దానికి నా సమాధానం.

పూర్వ విద్యార్థులు అందజేసిన కంప్యూటర్లలో ఒకదాని ప్రాసెసర్, వేగాన్ని పెంచుకొనే వీలున్న రకానిది. ఈ ఉత్సవం కోసం పాత ఛాయాచిత్రాలను కూర్చి చలనచిత్రంగా మలిచే పనిని దానిపై చేపట్టాము. పని త్వరగా సాగాలని తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు, ఎవరికీ చెప్పకుండా, జనవరిలో దాని వేగాన్ని 4.0 గిగాహెర్ట్జ్ నుండి 4.4కు, వోల్టేజిని 1.20 నుండి 1.32కు పెంచాడు. దీనినే ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఆనాడు గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. నిండు పనిలో ప్రాసెసర్ 78 డిగ్రీలు చూపింది. అంతా క్షేమమనుకొన్నాడు. మార్చి నెలాఖరుకు గది 38 డిగ్రీలకు చేరింది. యంత్రం ముందు మందగించింది. పిదప పని నడుమ ఆగిపోయింది. మూడు దినాల కూర్పు నష్టమైంది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇక పిల్లలెవ్వరూ ఆ గదిలో అడుగుపెట్టరాదని తాళంచెవి తెప్పించుకొన్నాను. ఆ సాయంత్రం బాలుడు నా గది గుమ్మం వద్ద నిలిచి, “అమ్మగారూ, తప్పు నాదే. వేగం పెంచింది నేనే” అన్నాడు. ఎవరూ అడగకముందే వచ్చి ఒప్పుకొన్న పిల్లవానిని శిక్షిస్తే, రేపు మరొకడు నిజం చెబుతాడా? కనుక మా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల సమక్షంలో కారణాన్ని లెక్కకట్టి చూపమన్నాను.

ఆ లెక్క మీరూ వినండి. ప్రాసెసర్ వాడుకొనే విద్యుత్తులో ముఖ్యభాగం వేగానికి, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రెండూ పదేసి శాతం పెరిగినవి కనుక 1.1ని మూడుమార్లు గుణిస్తే 1.331. అనగా పదవ వంతు వేగం కోసం దాదాపు మూడవ వంతు వేడిని అదనంగా కొనితెచ్చుకొన్నాము.

రెండవది, ఫ్యాను విసిరేది గదిలోని గాలినే. ఆ గాలితో చల్లబడే ప్రాసెసర్ గదికంటె చల్లగా ఉండజాలదు. జనవరిలో గదికంటె 53 డిగ్రీలు అధికమైనది, మార్చిలోనూ సుమారు అంతే అధికమవుతుంది. 38కి 53 కలిపితే 91. మరి తెరమీద 100 ఎందుకు కనబడింది? మూత విప్పితే సమాధానం దొరికింది. హీట్ సింక్ రెక్కల నడుమ మన ఊరి ఎర్రధూళి దట్టంగా పేరుకొన్నది. ప్రాసెసర్‌కు, హీట్ సింక్‌కు మధ్య కంటికి కనబడని సందులను నింపవలసిన థర్మల్ పేస్టు ఎండిపోయింది. ఆ సందుల్లో చేరిన గాలి అధమ ఉష్ణవాహకమని ఆరవ తరగతి పిల్లలకూ తెలుసు.

చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు. అది చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. ఇంకనూ పెరిగితే యంత్రం ఆగిపోతుంది. అది తనను కాపాడుకొనే ఏర్పాటు. అయినా అధిక వోల్టేజి, అధిక వేడి ఏళ్ళ తరబడి కొనసాగితే ప్రాసెసర్ ఆయుష్షు తరుగుతుంది.

విద్యుత్తు తీగ ఊడదీసి, ఫ్యాను తిరగకుండా పట్టుకొని ధూళిని ఊదివేశారు. పాత పేస్టును తుడిచి కొత్తది పలుచగా పూశారు. ఉష్ణోగ్రత 91కి దిగింది. వేగాన్నీ వోల్టేజినీ యథాస్థానానికి తెచ్చిన పిమ్మట, అదే 38 డిగ్రీల గదిలో 78 వద్ద నిలిచింది. లెక్క చెప్పినదే యంత్రమూ చెప్పింది.

ఇళ్ళలో ఇటువంటి ప్రయత్నం చేసే పిల్లలకు నా మాట ఇది. వేగాన్ని కొద్దికొద్దిగా పెంచండి. వోల్టేజి జోలికి తొందరపడి పోవద్దు. ప్రతిమారు అరగంటైనా నిండు పని ఇచ్చి ఉష్ణోగ్రత చూడండి. 85 డిగ్రీలు దాటితే వెనుకకు రండి. పరీక్షను వేకువజామున కాక, మిట్టమధ్యాహ్నం చేయండి. చలికాలపు కొలతను నమ్మి వేసవిలోకి పోరాదు.

తాళంచెవిని నేను తిరిగి ఇచ్చివేశాను. ఉపాధ్యాయుల అనుమతి లేనిదే ఏ మార్పూ చేయరాదనీ, చేసిన మార్పునూ కొలతనూ పుస్తకంలో వ్రాయాలనీ నియమం పెట్టాము. ఆ పుస్తకంలోని మొదటి పుట ఆ బాలునిదే. అనులోమానుపాతం, వర్గం, ఉష్ణవాహకం అన్న మాటలు మన తరగతి గదుల్లో నేర్చినవే. వాటితోనే అతడు తన పొరపాటును తెలుసుకొన్నాడు, దిద్దుకొన్నాడు. ఈ ఉదయం మీరు చూసి ఆనందించిన చలనచిత్రం ఆ యంత్రం మీద మరల కూర్చినదే.

పూర్వ విద్యార్థులకు ఒక్క విన్నపం. కొత్త కంప్యూటర్లు ఇవ్వాలనుకొనేవారు ముందుగా ఆ గదికి వేడిగాలిని వెలుపలికి పంపే రెండు ఫ్యానులు, పడమటి కిటికీకి ఒక చాప తెర దయచేయండి. ఉన్న యంత్రాలు పదికాలాలు నిలుస్తాయి.