మెరిపించడం వేరు, కాపాడడం వేరు
(మన సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదారు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో యుద్ధం గురించో, దేశభక్తి గురించో ఎవరో ఒకరు బాగా మాట్లాడతారు. నన్ను మాత్రం సెక్రటరీగారు "కారు పెయింటు గురించి చెప్పండి బాబాయ్" అన్నారు. దానికి కారణం ఉంది. మన సంఘంలో కారు బోనెట్ పాడుచేసుకున్న అనుభవం నాకున్నంతగా ఇంకెవరికీ లేదు.

నేను ఇ.ఎం.ఇ. వాణ్ణి. సికిందరాబాదు సెంటర్లో ట్రైనింగయ్యి, శక్తిమాన్ ట్రక్కుల కింద, జోంగాల కింద పడుకుని నా వయసంతా గడిపాను. మా ఉద్యోగం ఎలాంటిదంటే, బండి మెరవకూడదు. ఆలివ్ గ్రీన్ మ్యాట్ పెయింటు. అద్దం మీద ఎండ పడి తళుక్కుమన్నా దూరం నుంచి శత్రువుకి కనబడుతుందని దానికీ గుడ్డ కప్పేవాళ్లం. బండికి వ్యాక్స్ పెట్టిన డ్రైవర్‌కి శాలువా కప్పరు, డిఫాల్టర్ పెరేడ్‌కి పంపుతారు. మెరవాల్సినవి మా బూట్లూ, బెల్టు బకిల్సూ మాత్రమే. ఆ రెండింటినీ ఎలా మెరిపించాలో ఫౌజు నాకు బాగా నేర్పింది. నా కొంప ముంచింది కూడా ఆ విద్యే.

2008లో రిటైరయ్యి పుణెలో స్థిరపడ్డాక, పెన్షన్ కమ్యుటేషన్ డబ్బుల్లోంచి కొంత తీసి క్యాంటీన్ ద్వారా ఒక చిన్న కారు కొన్నాను. మెరూన్ రంగు, మెటాలిక్. మా ఇంటావిడ దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చింది. అమ్మాయిని బడిలో దింపడం, నేను సెక్యూరిటీ ఆఫీసర్‌గా చేరిన ఫ్యాక్టరీకి వెళ్లడం, అన్నీ ఆ బండి మీదే. రోజుకి నలభై కిలోమీటర్లు. రాత్రీ పగలూ ఆరుబయటే, వేపచెట్టు కింద.

ఆదివారం వచ్చిందంటే రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా, గుడ్డపేలికలు పట్టుకుని కూర్చునేవాణ్ణి. బకిల్‌కి బ్రాసో రుద్దినట్టు రుద్దడమే. పాత అంబాసిడర్ల రోజుల్లో అలాగే చేసేవాళ్లం కదా! ఎండకి వెలిసిన పైపొర గుడ్డకి రంగుగా అంటుకుని, కింద కొత్త రంగు మెరిసేది. నా కారు గుడ్డకి రంగు అంటడం లేదు. "ఏం పెయింటయ్యా, ఎంత రుద్దినా పోవడం లేదు" అని మురిసిపోయేవాణ్ణి.

పోతోంది. నాకు కనబడలేదు, అంతే.

ఈ కాలం కార్లలో చాలావాటికి రంగు మీద రంగులేని క్లియర్‌కోట్ అనే పొర ఉంటుంది. ఎండకీ, వానకీ ముందు ఎదురు నిలిచేది ఆ పొరే. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లుంటుందనుకుంటే, దానికన్నా పల్చన. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే మందు కూడా ఆ పొరలోనే ఉంటుంది. పాలిష్ అంటే పైకి ఏదో పూయడం కాదు, కొంచెం కోసెయ్యడం. నేను వారం వారం ఆ పొరను కోసి గుడ్డతో తుడిచి పారేస్తున్నానన్నమాట. గుడ్డకి అంటకపోవడానికి కారణం దానికి రంగు లేకపోవడమే.

2013 ఎండాకాలంలో బోనెట్ మధ్యలో అరచేయంత తెల్ల మచ్చ వచ్చింది. ముందు సబ్బు మరకేమో అనుకుని, ఇంకా రుద్దాను! వానలు వెళ్లేసరికి అది చేప పొలుసులా లేవడం మొదలెట్టింది. తర్వాత టాపు మీద కూడా. 2015లో అమ్మాయికి ఇంజనీరింగ్ సీటొచ్చింది. హాస్టలుకీ, ఫీజుకీ కలిపి డబ్బు అవసరమై బండి అమ్మకానికి పెట్టాను. ఇంజను నా చేతి మీద గడియారంలా నడిచేది. వచ్చినాయన ఇంజను చప్పుడు వినలేదు. బోనెట్ చూశాడు, టాపు చూశాడు, నలభై వేలు తగ్గించాడు. ఆ నలభై వేలు మరో మిత్రుడి దగ్గర చేబదులు తెచ్చాను. ఆయన ఇవాళ ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పొద్దన్నారు. ఆ రాత్రి మా ఇంటావిడ ఒక్కటే మాటంది. "ఏమండీ, బూటు అరిగిపోతే స్టోర్సులో కొత్త జత ఇచ్చేవాళ్లు. దీనికెవరిస్తారు?"

అమ్మాయికి మాత్రం సంగతి చెప్పలేదు. నిరుడు తనే అడిగింది, చెప్పాను. నవ్వింది గానీ, లేచి కిందకెళ్లి నా ఇప్పటి బండి బోనెట్ ఒకసారి చూసొచ్చింది.

ఆ తర్వాత నేర్చుకున్నదే ఇప్పుడు చెబుతున్నాను. రుద్దడం కాదు, కప్పడం నేర్చుకోవాలి. కప్పడానికి రెండు సరుకులు. ఒకటి వ్యాక్స్. మంచి వ్యాక్స్‌లో కార్నౌబా అనే మైనం ఉంటుంది. ఈశాన్య బ్రెజిల్‌లో మన తాటిచెట్టు లాంటి విసనకర్ర ఆకుల చెట్టొకటుంది. ఎండకి ఆకులోని తడి ఆరిపోకుండా చెట్టు తనకు తానే పూసుకునే మైనం అది. 80 డిగ్రీలు దాటితే గాని కరగదు. మన బూటు పాలిష్‌లో కూడా ఇదే మైనం వాడతారు, అంటే పాత చుట్టమే! రెండోది సీలెంట్. ఇది ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్. వ్యాక్స్ మెరుపు కంటికి వెచ్చగా, లోతుగా ఉంటుంది గానీ ఆరుబయట ఉండే బండి మీద నెలా రెండు నెలల కంటే నిలవదు. సీలెంట్ మెరుపు కాస్త గాజులా ఉంటుంది, కానీ నాలుగైదు నెలలు కాపలా కాస్తుంది.

రెండూ వాడాలంటే ముందు సీలెంట్, పైన వ్యాక్స్. తిరగేస్తే దండగ. సీలెంట్ శుభ్రమైన పెయింటుని పట్టుకోవాలి, మైనం మీద దానికి పట్టు దొరకదు. నా మట్టుకు నేను చెప్పేది, రోజూ తిరిగే బండికి సీలెంట్ ఒక్కటే చాలు. వ్యాక్స్ ఆదివారం సరదా. సరదా తప్పు కాదు.

అసలు పనంతా కడగడంలోనే ఉంది. నీడలో పెట్టి, బండి చల్లారనిచ్చి, ముందు ఒట్టి నీళ్లతో దుమ్ము జార్చెయ్యండి. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు. గుడ్డని మంచినీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. పైనుంచి కిందకి రావాలి, చక్రాలకి వేరే గుడ్డ. అంట్లు తోమే లిక్విడ్ రోజూ వాడారంటే మీరు పెట్టిన వ్యాక్స్‌ని అదే కడిగేస్తుంది. ఆరాక, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బోనెట్ నిమరండి. కంటికి నున్నగా కనబడేది గరగరలాడుతుంది. అది గాల్లోంచి వచ్చి నాటుకున్న మురికి. దానికి క్లే అని మైదా ముద్దలాంటిది అమ్ముతారు. తడి బాగా పెట్టి తేలిగ్గా జరిపితే చాలు. ఆ ముద్ద కింద పడిందా, పారెయ్యండి. ఇసక అంటుకున్న ముద్ద గీతలు గీస్తుంది.

సీలెంట్‌ని పల్చగా, ఒక్కో ప్యానెల్‌కీ పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ కాపాడదు, మీ జబ్బలు నొప్పెడతాయి అంతే. ఆ పూటకి, వీలైతే మర్నాటిదాకా, తడి తగలనివ్వొద్దు. వ్యాక్స్ దాని తర్వాతే. నల్ల ప్లాస్టిక్ మీద పడితే తెల్ల మరకలవుతాయి, జాగ్రత్త. కొత్తగా పెయింటు వేయించిన ప్యానెల్ అయితే నెలా రెండు నెలలు ఆగి, పెయింటర్‌ని అడిగి పూయండి. నేను ఏడాదికి రెండు సార్లు చేస్తాను. మే నెలాఖరులో వానల ముందు ఒకసారి, దసరా ఆయుధ పూజకి ఒకసారి. నీళ్లు పోస్తే ముత్యాల్లా నిలిచి జారుతున్నంతకాలం పని చేస్తోందని అర్థం. పరుచుకుంటుంటే డ్యూటీ దిగిపోయిందని లెక్క.

పిట్టరెట్ట సంగతి. ఎండలో పెయింటు మెత్తబడుతుంది, రెట్టలో ఆమ్లం ఉంటుంది. సాయంత్రం చూద్దాంలే అంటే అచ్చు పడిపోతుంది. డిక్కీలో ఒక నీళ్ల సీసా, మెత్తటి గుడ్డ పెట్టుకోండి. తడిపి, నాననిచ్చి, ఎత్తెయ్యండి. గోకొద్దు. దుమ్ము మీద కవరు కప్పడం కూడా అంతే, గాలికి ఆ కవరే ఉప్పుకాగితం అవుతుంది.

ఇంకొక్క మాట. పొద్దున్నే కార్లు తుడిచే కుర్రాళ్లున్నారు. ఒకే బకెట్టుతో పది కార్లు తుడుస్తాడు, గీతలు పడతాయి, నిజమే. వాణ్ణి తిట్టి లాభం లేదు, మనమిచ్చే జీతానికి పది కార్లు తుడవకపోతే వాడికి గడవదు. నేను మా కుర్రాడికి నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలిచ్చి, రోజూ అద్దాలు మాత్రమే తుడవమన్నాను, జీతం అదే. ఇద్దరికీ సుఖం.

వ్యాక్స్ పెట్టినా రాయి తగిలితే దెబ్బ పడుతుంది. పక్కబండివాడు తలుపు కొట్టినా సొట్ట పడుతుంది. వేలకు వేలు పోసి చేయించే సిరామిక్ కోటింగ్ కూడా వాటిని ఆపలేదు, అలా ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

కర్నల్ సారు గడియారం చూస్తున్నారు. భోజనాలయ్యాక గేటు పక్కన నీలం రంగు కారు దగ్గరికి రండి. 2015లో కొన్నది, ఇప్పటికీ రోజూ తిరుగుతోంది, ఇప్పటికీ బయటే ఉంటుంది. బోనెట్ నిమిరి చూడొచ్చు. చేతికి ఉంగరాలుంటే మాత్రం తీసి రండి.