ఎవరిని ఇంకించుకున్నారు? ఎవరిని తోసేశారు?

(మహిళా సంఘాల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్యాహ్నం మనం చర్చించి ఆమోదించవలసిన పాలస్తీనా తీర్మానం ముసాయిదా మీ అందరి చేతుల్లోనూ ఉంది. అందులోని డిమాండ్లతో నాకు పేచీ లేదు. గాజాకు మందులూ తిండీ అడ్డంకుల్లేకుండా చేరాలి, ఆక్రమణ పోవాలి. నా పేచీ మొదటి వాక్యంతోనే. "రెండు జాతుల మధ్య తరతరాలుగా సాగుతున్న వైరం" అని రాశారు. అది చదివితే అక్కడేదో పక్కపక్కన రెండు ఇళ్లున్నట్టూ, మధ్యలో గోడ తగాదా నడుస్తున్నట్టూ అనిపిస్తుంది. ఆ ఇళ్లలోకి ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరిని బయటికి పంపారు, లోపలికి వచ్చిన ఆడవాళ్లు దేన్ని వదులుకుని రావలసి వచ్చింది, ఇవేవీ అందులో లేవు. అందుకని నేను యుద్ధం వైపు నుంచి కాక వలసల వైపు నుంచి మాట్లాడతాను.

ఒక ఊరు తీసుకుందాం. స్దెరోత్ పేరు 2023 అక్టోబరు 7 తర్వాత మన పత్రికల్లోనూ కనిపించింది. గాజా సరిహద్దుకు కూతవేటు దూరం. ఏళ్ల తరబడి రాకెట్లు పడిన ఊరు. ఆ రోజు హమాస్ దాడిలో మొత్తం చనిపోయిన సుమారు 1,200 మందిలో ఈ ఊరివాళ్లూ ఉన్నారు. ఈ ఊరు 1951లో ఒక తాత్కాలిక శిబిరంగా మొదలైంది. ఇరాన్ నుంచీ, కుర్దుల ప్రాంతాల నుంచీ వచ్చిన యూదులను తెచ్చి అక్కడ దించారు. తర్వాత మొరాకో వాళ్లు వచ్చారు, 1990లలో రష్యన్లూ ఇథియోపియన్లూ వచ్చారు. అంతకుముందు ఆ నేల నజ్ద్ అనే పాలస్తీనా గ్రామానిది. 1948 మే నెలలో నజ్ద్ వాళ్లను వెళ్లగొట్టారు. వాళ్లు గాజాకు పోయారు. ఇవాళ్టి గాజా జనాభాలో సగాని కన్నా చాలా ఎక్కువమంది ఇలా 1948లో ఊళ్లు పోగొట్టుకున్న వాళ్లూ, వాళ్ల పిల్లలూ, మనవలే.

అంటే కొత్త రాజ్యం తన పౌరుల్లో అందరికన్నా పేదవాళ్లను, నోరులేని వాళ్లను, ఇంకొకరి ఊరు మీద, సరిహద్దు మీద కంచెలా నిలబెట్టింది. ఊరి చివర ఎవరిని ఉంచుతారో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1948లో సుమారు 7 లక్షల మంది పాలస్తీనియన్లు ఊళ్లు వదలవలసి వచ్చింది. వాళ్లు తిరిగి రావచ్చునని ఆ డిసెంబరులోనే ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం చెప్పింది. అది జరగలేదు. 1950లో ఇజ్రాయెల్ ఒకే ఏడాది రెండు చట్టాలు చేసింది. ఒకటి, ప్రపంచంలో ఏ మూలనున్న యూదులైనా వచ్చి పౌరులు కావచ్చుననే 'తిరిగి వచ్చే హక్కు' చట్టం. రెండోది, వెళ్లిపోయిన వాళ్ల ఇళ్లనూ భూములనూ రాజ్యం చేతికి అప్పగించిన 'గైర్హాజరు అయినవారి ఆస్తుల' చట్టం. ఈ రెంటినీ విడివిడిగా చదవకూడదని నా అభిప్రాయం. ఒకటి తలుపు తీసింది, రెండోది ఆ తలుపు ఉన్న ఇంటినే సంపాదించి పెట్టింది.

అలా వచ్చినవాళ్లను తమలో కలుపుకోవడానికి హీబ్రూలో వాడే మాట 'క్లిటా'. దానికి ఒక మంత్రిత్వ శాఖే ఉంది. కలిసిపోవడం అంటే ఇద్దరూ ఎంతో కొంత మారాలి. క్లిటా అంటే ఇంకించుకోవడం. ఇసుకలో నీళ్లు ఇంకితే ఇసుక ఇసుకలాగే ఉంటుంది, నీళ్లే కనిపించకుండా పోతాయి.

1950, 51లలో ఇరాక్ నుంచి సుమారు లక్షా ఇరవై వేల మంది యూదులు వచ్చారు. యెమెన్ నుంచి 1949, 50లలో దాదాపు యాభై వేల మంది. వాళ్ల మాట అరబిక్, వాళ్ల పాటలు అరబిక్, వంట కూడా అక్కడిదే. దిగగానే చాలామంది ఒంటి మీద డీడీటీ పొడి చల్లారు. గుడారాల్లో, రేకుల షెడ్లలో ఏళ్ల తరబడి ఉంచారు. యూరప్ నుంచి వచ్చి పాలకులైన యూదుల దృష్టిలో వీళ్లు వెనుకబడినవాళ్లు, సంస్కరించవలసినవాళ్లు. ఇరాకీ యూదు కుటుంబంలో పుట్టిన ఎల్లా షోహత్ 1988లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాసింది. జియోనిజానికి పాలస్తీనియన్లే కాదు, అరబ్బు దేశాల యూదులు కూడా బాధితులే అన్నది ఆమె వాదన. అరబ్బు, యూదు అనే మాటలు రెండూ ఒకే మనిషిలో ఉండడానికి వీల్లేకుండా చేశారంటుంది. శత్రువు అరబ్బు అయినప్పుడు అమ్మ మాట్లాడే భాష శత్రువు భాష అయిపోతుంది. బస్సులో అమ్మ అరబిక్‌లో పిలిస్తే పిల్లలు తలవంచుకునే స్థితి ఎలాంటిదో ఆలోచించండి. ఇల్లూ, వంటా, లాలిపాటా ఎవరి చేతుల్లో ఉంటాయో వాళ్ల దగ్గరే ఈ 'ఇంకించుకోవడం' మొదలవుతుంది.

యెమెనీ తల్లుల సంగతి ఇంకా కష్టమైనది. శిబిరాల్లో జబ్బు చేసిన పసిపిల్లలను ఆసుపత్రికనీ, శిశుగృహానికనీ తీసుకుపోయారు. కొన్నాళ్లకు చనిపోయారని చెప్పారు. శవాన్ని చూపలేదు, సమాధి చూపలేదు. పిల్లలు లేని వాళ్లకు దత్తత ఇచ్చేశారని ఆ కుటుంబాలు దశాబ్దాల పాటు అంటూనే ఉన్నాయి. మూడు విచారణ సంఘాలు కూర్చున్నాయి. చివరిది 2001లో, ఎక్కువమంది పిల్లలు నిజంగానే చనిపోయారనీ, కొన్ని పదుల కేసుల్లో ఏమైందో తేలలేదనీ చెప్పింది. 2021లో ప్రభుత్వం విచారం తెలిపి పరిహారం ప్రకటించింది. దత్తతకు ఇచ్చారా లేదా అన్నది ఒక ప్రశ్న. దాన్ని పక్కన పెట్టినా, హీబ్రూ రాని, చదువు రాని తల్లికి బిడ్డ శవాన్ని చూపించనవసరం లేదని ఒక ఆసుపత్రికి ఎలా అనిపించిందన్నది మిగిలే ఉంటుంది. దానికి జవాబు రికార్డుల్లో దొరకదు.

ఈ అణచివేతకు గురైన వాళ్లంతా పాలస్తీనియన్లతో చేతులు కలిపారా? చాలామంది కలపలేదు. 1959లో హైఫాలోని వాడి సాలిబ్‌లో మొరాకో యూదులు తిరగబడ్డారు. 1971లో జెరూసలేంలో బ్లాక్ పాంథర్స్ పేరుతో యువకులు వీధుల్లోకి వచ్చారు. కానీ 1977 ఎన్నికల్లో లికుడ్‌ను గెలిపించిన ఓట్లలో పెద్ద భాగం ఈ మిజ్రాహి యూదులదే. తమను చిన్నచూపు చూసిన లేబర్ పార్టీ మీద కోపం ఒక కారణం. అరబ్బులం కామని నిరూపించుకోవలసిన అవసరం ఇంకొకటి. అణగారిన వాళ్లంతా తమంతట తామే ఒక్కటవుతారని మనం ఉపన్యాసాల్లో చెబుతుంటాం. ఒక మెట్టు పైన నిలబెట్టి, కిందికి చూడమని నేర్పితే ఏమవుతుందో కులం ఉన్న దేశంలో మనకు తెలియనిదేం కాదు.

అక్కడి స్త్రీల ఉద్యమంలోనూ ఈ తగాదా నడిచింది. 1990ల మొదట్లో స్త్రీవాద సదస్సుల్లో మిజ్రాహి స్త్రీలు లేచి, వేదిక మీద ఉన్నదంతా యూరప్ యూదు స్త్రీలే, మా పేరుతో మాట్లాడుతున్నదీ మీరే అని నిలదీశారు. కైరోలో పుట్టిన విక్కీ షిరాన్ వాళ్లలో ముఖ్యురాలు. తర్వాత వాళ్లు 'అహోతీ' అని సొంత సంస్థ పెట్టుకున్నారు. మాటకు అర్థం 'నా అక్కచెల్లెలు'. దాదాపు అవే సంవత్సరాల్లో ఇక్కడ దళిత స్త్రీలు మనల్ని అడిగిన ప్రశ్నలు ఈ గదిలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. వాటన్నిటికీ జవాబులు చెప్పేశామని నేను అనుకోవడం లేదు.

ఇక ఇథియోపియా నుంచి వచ్చినవాళ్లు. 1991 మే నెలలో ఒకటిన్నర రోజులో పధ్నాలుగు వేలమందికి పైగా విమానాల్లో తీసుకువచ్చారు. చాలామంది పిల్లలకు పేర్లు మార్చారు. వాళ్లు దానం చేసిన రక్తాన్ని రోగభయంతో రహస్యంగా పారబోస్తున్నారని 1996లో బయటపడి పెద్ద గొడవ అయింది. 2012 చివర్లో ఒక టీవీ పరిశోధన వచ్చింది. ఇథియోపియా శిబిరాల్లో ఉన్నప్పుడే తమకు డెపో-ప్రొవెరా గర్భనిరోధక సూది వేశారనీ, వేయించుకోకపోతే ప్రయాణం ఉండదన్నారనీ కొందరు స్త్రీలు చెప్పారు. ప్రభుత్వం కాదంది. అయినా 2013 జనవరిలో, విషయం అర్థమైందో లేదో తెలియకుండా ఎవరికీ ఆ సూదిని కొనసాగించవద్దని ఆరోగ్యశాఖ వైద్య సంస్థలను ఆదేశించింది. బలవంతానికి ఆధారాలు దొరకలేదని తర్వాత అక్కడి ప్రభుత్వ తనిఖీ అధికారి తేల్చారు.

ఇక్కడ పటాన్‌చెరు గుర్తుచేయక తప్పదు. 1985లో అక్కడి ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ సూదిమందు ప్రయోగం జరుగుతుంటే స్త్రీ శక్తి సంఘటన వాళ్లు వెళ్లి, అది ప్రయోగమన్న సంగతే ఆడవాళ్లకు సరిగా చెప్పలేదని బయటపెట్టారు. 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్కడ కూడా ఎవరూ చేతులు కట్టేసి సూది వెయ్యలేదు. పేద స్త్రీకి ఎదురుగా డాక్టరో అధికారో ఉన్నప్పుడు 'సరే' అనే మాటకు ఎంత విలువ ఇవ్వాలో మనం అప్పుడే చర్చించాం. డెపో సూదిని మన ప్రభుత్వం 2017లో 'అంతర' పేరుతో కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేర్చింది కాబట్టి ఆ చర్చ పాతబడలేదు.

ఇప్పటిదాకా లోపలికి రానిచ్చిన వాళ్ల గురించి మాట్లాడాను. రానివ్వని వాళ్ల సంగతి వింటేనే పూర్తి బొమ్మ కనిపిస్తుంది. ఇజ్రాయెల్ పౌరుల్లో సుమారు ఐదోవంతు పాలస్తీనియన్లే. నజరేత్ అమ్మాయి జెనిన్ అబ్బాయిని పెళ్లాడింది అనుకోండి. ఆమె పౌరురాలు, అతను వెస్ట్ బ్యాంక్ వాడు. 2003లో 'తాత్కాలిక' చట్టం ఒకటి చేసి, ఇలాంటి భర్తలకూ భార్యలకూ పౌరసత్వం రాకుండా ఆపేశారు. 2005 సవరణ తర్వాత ఆడవాళ్లయితే 25 ఏళ్లు, మగవాళ్లయితే 35 ఏళ్లు దాటితే తాత్కాలిక అనుమతి అడగవచ్చు. పాలస్తీనా మగవాడంటే 35 ఏళ్లదాకా ప్రమాదం, ఆడదంటే 25 వరకే! సుప్రీంకోర్టు 2006లోనూ, 2012లోనూ ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపుగా చీలి ఈ చట్టాన్ని నిలబెట్టింది. 2021లో గడువు తీరింది. 2022 మార్చిలో మళ్లీ తెచ్చారు. భద్రత కోసమని ఒకరంటారు, యూదుల మెజారిటీ తగ్గకుండా ఉండటానికని ఇంకొకరు దాపరికం లేకుండానే అంటారు.

మీలో కౌన్సెలింగ్ చేసేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించండి. గాజాలోనో హెబ్రాన్‌లోనో పుట్టి, హైఫాలో కాపురం చేస్తున్న స్త్రీ. ఆమె ఉండటానికి అనుమతి భర్తను బట్టి వస్తుంది. అతను కొడితే పోలీసు స్టేషన్‌కు పోగలదా? కాపురం విడిపోతే అనుమతి పోతుంది, పిల్లలు పౌరులు కాబట్టి తండ్రి దగ్గర ఇక్కడే ఉంటారు. చట్టంలో గృహహింస అన్న మాట ఎక్కడా లేకుండానే కొట్టేవాడికి చట్టం ఆయుధమైంది. పక్కనే తిరిగి వచ్చే హక్కు చట్టం చూడండి. 1970 సవరణ ప్రకారం యూదు తాత ఉన్న మనవడు కూడా, అతని భార్య కూడా నేరుగా పౌరులవుతారు. మళ్లీ అలా వచ్చిన రష్యన్ స్త్రీ, తల్లి యూదు కాకపోతే, అక్కడ యూదును పెళ్లి చేసుకోలేదు. సివిల్ వివాహం లేదు, అంతా మతాచార్యుల చేతిలోనే. సైప్రస్ పోయి పెళ్లి చేసుకుని వస్తారు. రాజ్యానికి ఆమె తల లెక్క కావాలి, మతానికి ఆమె గర్భం మీద అనుమానం.

మనకు ఇందులో సంబంధం ఏమిటని అడగవచ్చు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమూహం ఉంది. మాదిగ మూలాల నుంచి క్రైస్తవంలోకి, అక్కడి నుంచి యూదు మతంలోకి నడిచిన కుటుంబాలు. షాహిద్ పర్వేజ్, యూలియా ఎగొరోవా వాళ్ల గురించి పుస్తకమే రాశారు. అంటరానితనం నుంచి బయటపడాలన్న వాళ్ల తపనను నేను ఎగతాళి చెయ్యను. వాళ్లు కోరుకుంటున్న ఆ తలుపు తెరుచుకున్నా ఎవరి నేల మీదకు తెరుచుకుంటుందన్నది నా బాధ. మణిపూర్, మిజోరం నుంచి వెళ్లిన బెనే మెనాషె వాళ్లలో చాలామందికి మొదట ఇళ్లు దొరికింది గాజాలోని, వెస్ట్ బ్యాంక్‌లోని సెటిల్‌మెంట్లలోనే.

ముసలివాళ్లకు సేవ చేసే పనికి మన తెలుగువాళ్లు చాలా ఏళ్లుగా అక్కడికి వెళ్తున్నారు. 1990లలో పాలస్తీనా కూలీలను రానివ్వకుండా దారులు మూసినప్పుడే విదేశీ కూలీలను పెద్ద ఎత్తున తెచ్చుకోవడం మొదలైంది. వీళ్లను ఇంకించుకునే ఉద్దేశం అసలు లేదు. పని మనిషి కావాలి, మనిషి అక్కర్లేదు. బిడ్డను కంటే, ఆ బిడ్డను పంపించెయ్యాలి, లేదా తల్లీ వెళ్లిపోవాలి అనే నిబంధన 2011లో సుప్రీంకోర్టు కొట్టేసే దాకా అమలులో ఉంది. 2023 అక్టోబరు తర్వాత వెస్ట్ బ్యాంక్ కూలీల అనుమతులు ఆగిపోయాయి. ఆ ఖాళీల్లోకి భవన నిర్మాణానికి మన దేశం నుంచి కూలీలను పంపారు. 2024లో హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. అప్పు తీర్చాలని వెళ్లేవాణ్ణి వద్దనే హక్కు నాకు లేదు. కానీ అక్టోబరు 7న చనిపోయినవాళ్లలో థాయ్‌లాండ్ వ్యవసాయ కూలీలూ, పదిమంది నేపాలీ విద్యార్థులూ ఉన్నారు. గాజాలో 2025 అక్టోబరు నాటికి అక్కడి ఆరోగ్యశాఖ లెక్క 67 వేలు దాటింది. ఇవి తెలియకుండా సంతకం చేయించడం మాత్రం తప్పు.

అందుకని రెండు సవరణలు ప్రతిపాదిస్తున్నాను. మొదటి వాక్యంలో 'రెండు జాతుల వైరం' తీసేసి, 1948లో ఇళ్లు కోల్పోయిన వాళ్లు తిరిగి రాలేకపోవడం గురించీ, 2003 చట్టం వల్ల విడిపోయిన కుటుంబాల గురించీ పేర్లతో సహా రాయాలి. రెండోది మన ప్రభుత్వానికి. ఇజ్రాయెల్‌కు పనికి పంపేవాళ్ల ఒప్పంద పత్రం తెలుగులో ఉండాలి. అందులో పని చేసే చోటు, యజమాని మారే వీలు, యుద్ధం వస్తే తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిది అన్నవి ఉండాలి. ఆ పత్రం మీద సంతకం పెట్టే ముందు భార్యకో తల్లికో చదివి వినిపించాలి. ఈ రెండో సవరణకు భాష ఎలా ఉండాలో నిజామాబాద్, జగిత్యాల నుంచి వచ్చిన మిత్రులకు నాకన్నా బాగా తెలుసు, ముందు వాళ్లు మాట్లాడాలని కోరుతున్నాను.