ముక్కు లోపలికే ఉందన్నవాళ్లు

మీర్‌పేట్‌ ఫార్మసీ విద్యార్థుల స్నాతకోత్సవంలో వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టేశారు, ముఖ్య అతిథిగా వచ్చిన మనోవైద్యురాలు. ఆ వెంటనే సంచిలోంచి జాతరలో అమ్మే ప్లాస్టిక్ ఆంజనేయస్వామి మాస్కు తీశారు. బోలుగా ఉన్న వెనకవైపు తిప్పి పట్టుకుని, ముక్కు ఎటుందో చెప్పమన్నారు.

"బయటికే!" అని వెనక వరుసల నుంచి కేక. "పట్టా పుచ్చుకునే రోజే మోసపోయారు" అంటూ నవ్వారామె.

ముక్కు ముందుకే ఉంటుందని మెదడు ముందే తీర్మానించుకుని, కంటికందిన వెలుగునీడలను దానికి తగ్గట్టు సర్దేస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో ఈ మాయ సరిగా పనిచేయదు. 2009లో దనాయ్ దీమా బృందం మెదడు స్కానింగ్‌తో జరిపిన పరిశోధనలో ఆ రోగులు బోలు ముఖాన్ని బోలుగానే చూశారు. అదేదో వరమని సంబరపడొద్దన్నారు డాక్టరమ్మ. తెలిసినదాన్ని చూపుకు జోడించడం తడబడితే విడివిడి గీతల్లో ఆకారాన్ని పోల్చుకోవడం కష్టం. ఎదుటివాడి ముఖంలో కోపమో దిగులో పట్టుకోవడమూ కష్టమే. చూపులో ఈ తేడాలు ఎక్కువున్నవాళ్లకు నలుగురిలో మెలగడమూ బరువవుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. మరి ముఖంలో భావాన్ని పట్టుకోగలరా లేదా అని పరాయి ముఖాలతో మనవాళ్లను పరీక్షిస్తే ఏం లాభం? బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 2008లో భారతీయ ముఖాలతోనే ఒక పరీక్ష రూపొందించారు.

ఇక ఆమె అసలు బెంగ. ఒక తల్లి స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకును ఓపీకి తీసుకొచ్చేది. మందులతో చెవిలో మాటలు తగ్గాయి, నిద్ర పడుతోంది. అయినా ఫిర్యాదే: "పేపరిస్తే పక్కన పెడ్తడు, చుట్టాలొస్తే మొహం చూడడు. పొగరెక్కింది డాక్టరమ్మా." ఆ కుర్రాడు పేపరును చెయ్యంత దూరం చాచి పట్టుకోవడం డాక్టరమ్మ కంటబడింది. చీటీలో ట్రైహెక్సీఫెనిడిల్ ఉంది. మందుల వల్ల వచ్చే వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికి రాసే మాత్ర అది. దగ్గరి చూపును మసకబార్చగలదు, జ్ఞాపకశక్తినీ దెబ్బతీయగలదు. మోతాదు మెల్లగా తగ్గించాక పేపరు దగ్గరికొచ్చింది. చుట్టాల సంగతి మాత్రం మారలేదు. ముఖాలు చదవడానికి మాత్ర లేదు, శిక్షణ కావాలి.

అక్కడ గొంతు పెంచారామె. "స్ట్రిప్పు చించి ఇవ్వడానికా నాలుగేళ్లు చదివింది? సెల్‌ఫోన్ పక్కన పెట్టి మనిషి మొహం చూడండర్రా! ఆ మాత్ర రాసిన చీటీ మీ కౌంటర్‌కి వస్తే, దగ్గరి అక్షరాలు మసగ్గా ఉన్నాయా అని అడగండి. అవునంటే, మాత్ర మీరు ఆపకండి. రాసిన డాక్టరు దగ్గరికి పంపండి."