మన పాత హల్కా: భద్రాచలం పార్లమెంటు నియోజకవర్గం

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు చదువు గూర్చి చెబుతామని మీరందరూ అనుకొని యుంటారు. ఉర్దూ మీడియం బడిపంతులు ఇంకేం చెబుతాడు! కాని ఈ రోజు మేము ఒక పోయిన వస్తువును గూర్చి మనవి చేయదలచినాము. అది మన చేతిలోనే ఉండేది. పోయిన సంగతి కూడా మనం చాలాకాలం గమనించలేదు. అదే భద్రాచలం పార్లమెంటు నియోజకవర్గం. ఉర్దూలో మనం పార్లమానీ హల్కా అంటాము.

ముందు మా తప్పు ఒప్పుకుంటాము. 2009 ఎన్నికలు అయిన తర్వాత ఒక రోజు తరగతిలో పౌరశాస్త్రం చెబుతూ, మన లోక్‌సభ నియోజకవర్గం భద్రాచలం అని నల్లబల్ల మీద రాసినాము. వెనుక బెంచీ పిల్లవాడొకడు లేచి, "సార్, మా అబ్బా మహబూబాబాద్ అంటున్నాడు" అన్నాడు. పిల్లలందరూ నవ్వినారు. వాడి అబ్బా చెప్పిందే నిజం. మేము కూడా మహబూబాబాద్‌కే ఓటు వేసి వచ్చినాము. అయినా చెయ్యి పాత అలవాటు ప్రకారం పాత పేరే రాసింది. ఆ రోజు సిగ్గుపడి ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టినాము.

మన ప్రాంతానికి సరిహద్దులు మారడం కొత్త కాదు. గోదావరికి ఆవలి భద్రాచలం తాలూకా నిజాం ప్రభుత్వం నుండి 1860లో ఇంగ్లీషువారికి పోయింది. కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. ఈవలి గట్టున బూర్గంపాడు మాత్రం నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. ఒక గట్టున కచేరీ కాగితం ఉర్దూలో, రెండో గట్టున మద్రాసు సర్కారు పద్ధతిలో నడిచేది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు గట్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చినవి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుండి తీసి ఖమ్మం జిల్లాలో కలిపినారు. 1965లో గోదావరిపై వంతెన తెరిచినారు. అప్పటిదాకా పడవే గతి.

ఇక 1967 సార్వత్రిక ఎన్నికలతో భద్రాచలం లోక్‌సభ స్థానం వచ్చింది. రాజ్యాంగంలోని 330వ అధికరణం ప్రకారం దానిని షెడ్యూల్డు తెగలకు కేటాయించినారు. చివరి కాలంలో దాని విస్తీర్ణం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఇటు బూర్గంపాడు, భద్రాచలం మొదలుకొని, తూర్పు గోదావరి మన్యంలోని ఎల్లవరం మీదుగా, విశాఖ మన్యంలోని చింతపల్లి, పాడేరు వరకు ఉండేది. 1922లో అల్లూరి సీతారామరాజు గారి దండు పోలీసు స్టేషను మీద పడిన చింతపల్లి అదే. ఇక్కడి కోయలు, కొండరెడ్లు, అక్కడి బగతలు ఒకే సభ్యుణ్ణి ఢిల్లీకి పంపేవారు. అభ్యర్థికి ఈ చివర నుండి ఆ చివరకు తిరగడం కష్టమే. అయితే అడవిలో బతికే వారందరికీ కష్టం ఒకటే గనుక, ఆ పొడవాటి హల్కాకు ఒక అర్థం ఉండేది.

1967 నుండి 2004 వరకు ఈ స్థానానికి 11 సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. 1967, 1971, 1977, 1980లో వరుసగా నాలుగుసార్లు కాంగ్రెసు తరఫున బి. రాధాబాయి ఆనందరావు గారు గెలిచినారు. 1984లో సి.పి.ఐ. నుండి సోడె రామయ్య గారు, 1989, 1991లలో కాంగ్రెసు నుండి కర్రెద్దుల కమలకుమారి గారు, 1996, 1998లలో మళ్ళీ సోడె రామయ్య గారు, 1999లో తెలుగుదేశం నుండి దుంపా మేరీ విజయకుమారి గారు, 2004లో సి.పి.ఎం. నుండి మిడియం బాబూరావు గారు ఎన్నికైనారు.

సోదరులారా, ఈ పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టండి. 11 సార్లలో 7 సార్లు మహిళలే గెలిచినారు! చట్టసభలలో మహిళలకు మూడో వంతు స్థానాలని దేశం 2023లో 106వ సవరణ చేసింది. ఆ సవరణకు అరవై ఏళ్లు తక్కువగా, వెనుకబడినదని అందరూ చిన్నచూపు చూసిన అడవి ప్రాంతం ఏ చట్టమూ లేకుండానే ఆ పని చేసి చూపించింది. మన ఇళ్లలో ఆడపిల్ల పదో తరగతి దాటితే ఇక చాలంటున్న పెద్దలు ఈ లెక్కను ఒకసారి మనసులో పెట్టుకోవాలి.

అప్పట్లో మన వాళ్లు కొందరు ఒక మాట అనేవారు: "అది మన సీటు కాదు భాయ్, మనం నిలబడే వీలు లేదు, మనకెందుకు?" నిలబడే వీలు లేని మాట నిజమే. కాని ఓటు మనదే. గెలిచిన సభ్యుడు కోయగూడేనికి ఎంత ప్రతినిధో, సంత వీధిలో సైకిలు మరమ్మతు చేసే మన రహీమ్ భాయ్‌లకూ అంతే ప్రతినిధి. నోరు లేనివానికి ముందు నోరు ఇవ్వడం న్యాయం. ఆ న్యాయం వల్ల మనకు నష్టం రాలేదు. మనకు నష్టం మన ఉదాసీనత వల్లనే వచ్చింది.

అది ఎట్లాగంటారా? 2002 చట్టం ప్రకారం జస్టిస్ కుల్దీప్ సింగ్ గారి అధ్యక్షతన డీలిమిటేషన్ కమిషన్ ఏర్పడింది. ప్రతిపాదనలు ప్రచురించి అభ్యంతరాలు అడిగింది, బహిరంగ విచారణలు జరిపింది. మాకు అప్పుడు ఇరవై ఏళ్లు దాటినవి. చదువుకున్నాము, 2004లో మొదటి ఓటు కూడా భద్రాచలం స్థానానికే వేసి యున్నాము. అయినా ఒక్క కాగితం మీద ఒక్క ముక్క రాసి పంపలేదు. 2008లో ఉత్తర్వులు అమలులోకి వచ్చినవి, భద్రాచలం స్థానం రద్దయింది. భద్రాచలం, పినపాక, ఇల్లందు అసెంబ్లీ స్థానాలు మహబూబాబాద్‌కు పోయినవి, అశ్వారావుపేట ఖమ్మంలో చేరింది, ఆవలి మన్యం అరకు స్థానంలో కలిసింది. రాసి ఉంటే ఆగేదని మేము అనడం లేదు. అడిగినప్పుడు కూడా నోరు మెదపలేదనేదే మా బాధ.

దాని ఫలితం మా ఇంట్లోనే చూడండి. మా ఖాలా ఇల్లు ఎటపాకలో ఉన్నది. ఆమె 2004లో భద్రాచలం స్థానానికి ఓటు వేసింది. 2009లో, 2014లో మహబూబాబాద్‌కు వేసింది. 2014లోనే పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినారు. కొన్నింటిని మొత్తంగా, కొన్నింటిని పాక్షికంగా. భద్రాచలం పట్టణం ఇటు నిలిచింది, పక్కనున్న ఎటపాక అటు పోయింది. 2019లో ఆమె అరకుకు ఓటు వేసింది. ఖాలా ఇల్లు అంగుళం కదలలేదు, వాకిట్లో వేపచెట్టు కదలలేదు. కాని నియోజకవర్గాలు మూడు, రాష్ట్రాలు రెండు అయినవి. "బేటా, నా కష్టం ఎవరికి చెప్పుకోవాలి, ఈసారి ఎవరు మన వాడు?" అని ఆమె అడిగితే పంతులు గారి దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

కాగితం మీద గీత గీసేవారికి ఖాలా కనపడదు. కనపడేట్టు చేయడం మన పని. ఎందుకంటే గీతలు మళ్ళీ గీసే కాలం వస్తుంది. 2001లో చేసిన 84వ సవరణ, 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా లోక్‌సభ స్థానాల సంఖ్యను మార్చరాదని చెప్పింది. ఆ గడువు ఎంతో దూరంలో లేదు.

కనుక మేము మూడు మనవులు చేసుకుంటున్నాము. ఒకటి, ప్రతి ఇంటిలోను ఓటరు జాబితాలో పేర్లు చూసుకోండి. ముఖ్యంగా పెళ్లయి వచ్చిన కోడళ్ల పేర్లు, 18 నిండిన ఆడపిల్లల పేర్లు. రెండు, ఈసారి ప్రతిపాదనలు ప్రచురించిన నాడు మన సంఘం తెలుగులో ఒక అర్జీ రాయాలి. దానిని ఒంటరిగా కాదు, పక్క గూడేల కోయ సోదరులను అడిగి, వారి మాటను ముందు పెట్టి రాయాలి. రిజర్వేషను వారి హక్కు, దానిని కాపాడుతూనే మన ఊళ్లు చీలకుండా కోరాలి. మూడు, గీతకు అటువైపు పడిపోయిన మన కుటుంబాలు ఏ ఆఫీసుకు పోవాలో తెలియక తిరుగుతున్నవి. వారికి దరఖాస్తులు రాసి పెట్టే పనికి మా బడి పిల్లల్లో పెద్దవాళ్లను, మాతో సహా, ఆదివారాలు పంపడానికి సిద్ధముగా ఉన్నాము.

భద్రాచలం హల్కా తిరిగి రాదు, రావాలని మేము కోరడం లేదు. అది పోయినప్పుడు మౌనంగా కూర్చున్న వారిలో మేమూ ఒకరం. మళ్ళీ ఆ మౌనం వద్దు. నల్లబల్ల మీద ఈసారి సరైన పేరు రాస్తాము. పిల్లలు తమ గూర్చి తాము రాసుకొనే అర్జీ కూడా నేర్పుతాము.