భూమియు, సూర్యకుటుంబమును
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున పాఠశాల బాలబాలికల కొరకు గావించిన ప్రసంగ పాఠము)



పల్లెటూరి బాలునకు భూగోళ పాఠము చెప్పునపుడు మొట్టమొదట ఎదురగు చిక్కు ఒకటి గలదు. భూమి తిరుగుచున్నదని పుస్తకము చెప్పును. తిరుగుట లేదని కన్ను చెప్పును. తెల్లవారగనే సూర్యుడు తాటితోపు మీదుగా పైకి వచ్చును. సాయంకాలమునకు చెరువుకట్ట వెనుకకు దిగిపోవును. కాలి క్రింది నేల మాత్రము కదలిన జాడ లేదు. మార్కులు పోవునను భయముచే బాలుడు పరీక్షలో పుస్తకపు మాటనే వ్రాయును. మనస్సులో కంటి మాటనే నమ్మును. వ్రాయునది ఒకటి, నమ్మునది మరియొకటి యగుట విద్య కాదు. ఈ రెంటికిని గల తగవును తీర్చుటయే ఈ ప్రసంగమున చేయదలచిన పని.

పొలము గట్టు విషయమున తగవు వచ్చినచో, గొంతు పెద్దదిగా గలవానిదే హద్దు అని ఊరివారు ఒప్పుకొనరు. గొలుసు తెప్పించి కొలిపింతురు, పటముతో సరిచూతురు. ఆకాశమునకు సంబంధించిన తగవులును అట్లే కొలతల వలననే తీరినవి. అందులకు కావలసిన మొదటి పనిముట్టు పాఠశాల ఆవరణలో నిలువుగా పాతిన ఒక కొయ్య. దానినే మన సిద్ధాంత గ్రంథములు శంకువు అనినవి.

భూమి ఎంత పెద్దదో మొదట కొలిచినవారిలో సుప్రసిద్ధుడు ఎరటోస్తనీసు. అతడు క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున, ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియా నగరమున, మహాగ్రంథాలయమునకు అధికారిగా నుండెను. దక్షిణమున సయీను అను ఊరిలో ఏటా ఒక దినమున మధ్యాహ్నవేళ సూర్యుడు నడినెత్తికి వచ్చి, బావి అడుగును సైతము వెలిగించునని అతనికి తెలిసినది. అదే దినమున, అదే వేళకు అలెగ్జాండ్రియాలో నిలువు కొయ్యకు నీడ పడుచుండెను. నేల బల్లపరుపుగా నుండి, సూర్యుడు మిక్కిలి దూరమున నున్నచో, రెండు ఊళ్లలోను నీడలు ఒక్కరీతిగా నుండవలెను గదా! ఆ నీడ చూపిన కోణము వృత్తమునందు ఏబదియవ వంతు. కావున రెండు ఊళ్ల నడిమి దూరమునకు ఏబది రెట్లు భూమి చుట్టుకొలత యని అతడు తేల్చెను. భూమిని చుట్టి రాకుండ, ఊరు కదలకుండ, ఒక గ్రంథాలయాధికారి సాధించిన పని యిది.

ఈ పనిని తెలుగు బాలురును చేయవచ్చును. ఆదిలాబాదు, తిరుపతి పట్టణములు ఇంచుమించుగా ఒకే ఉత్తర దక్షిణ రేఖపై నున్నవి. వాని అక్షాంశముల భేదము సుమారు 6 భాగలు. ఉత్తర దక్షిణముగా దూరము సుమారు 670 కిలోమీటర్లు. మార్చి 20 లేక 21వ తేదీ మధ్యాహ్నమున, మీటరు పొడవుగల కొయ్యకు ఆదిలాబాదులో దాదాపు 36 సెంటీమీటర్ల నీడయు, తిరుపతిలో దాదాపు 24 సెంటీమీటర్ల నీడయు పడును. ఈ నీడలను కాగితముపై గీచి కోణమానినితో కొలిచినచో 6 భాగల భేదము బయటపడును. వృత్తమునకు 360 భాగలు. అందు ఆరు భాగలు అరువదియవ వంతు. 670ని 60తో హెచ్చవేసిన 40,200 వచ్చును. ధ్రువముల మీదుగా భూమి చుట్టుకొలత 40,008 కిలోమీటర్లని నేటి కొలత. రెండు పాఠశాలల బాలురు తమ నీడల లెక్కలు ఒకరికొకరు తెలుపుకొన్నచో భూగోళమును కొలిచినవారే యగుదురు.

భూమి గుండ్రనిదని ఇట్లు తేలినది. అది తిరుగుచున్నదని తేలుటకు మాత్రము చాల కాలము పట్టెను. క్రీ.శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు భూమియే తన చుట్టు తాను తిరుగుచున్నదని చెప్పెను. పడవలో ముందుకు పోవువానికి ఒడ్డున నున్న చెట్లు వెనుకకు పోవునట్లు తోచును. అట్లే కదలని నక్షత్రములు పడమటికి పోవునట్లు తోచుచున్నవని అతని దృష్టాంతము. గోదావరిపై పడవ ఎక్కినవారికి ఈ దృష్టాంతము వేరుగా వివరింప నక్కరలేదు.

అయితే క్రీ.శ. 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతము రచించిన బ్రహ్మగుప్తుడు ఈ మతమును ఆక్షేపించెను. భూమి తిరుగుచున్నచో ఎత్తైనవి ఏల పడిపోవుట లేదు అని అతని ప్రశ్న. బ్రహ్మగుప్తుడు సామాన్యుడు కాడు. సున్నతో లెక్కలు చేయు విధులను ఏర్పరచిన మహాగణితవేత్త. ఇందు ఆర్యభటునిదే నిజము. కాని బ్రహ్మగుప్తుని ప్రశ్న మూఢ ప్రశ్న కాదు. దానికి సమాధానము కావలసియుండెను. పోవుచున్న రైలుబండిలో కూర్చున్నవాడు నాణెమును పైకి ఎగురవేసినచో అది తిరిగి వాని చేతిలోనే పడును. ఏలయన బండి వేగము నాణెమునకును గలదు. అట్లే ఇండ్లకును, చెట్లకును, గాలికిని భూమి వేగము గలదు. ఇది ఆక్షేపమునకు సమాధానమే గాని భూమి తిరుగుచున్నదనుటకు సాక్ష్యము కాదు. 1851లో ఫ్రాన్సు దేశీయుడగు ఫూకో పారిసులోని పాంథియన్ భవనమున 67 మీటర్ల తీగెకు 28 కిలోగ్రాముల గుండు కట్టి ఊపగా, గుండు ఊగు దిక్కు మెల్లమెల్లగా మారుట జనులు కన్నులార చూచిరి. గుండు దిక్కు మార్చుకొనుటకు కారణము లేదు. క్రింది నేలయే తిరుగుచున్నది. 2023లో ప్రారంభమైన ఢిల్లీ నూతన పార్లమెంటు భవనమునందును అట్టి లోలకము గలదు. ఈ విధముగా బ్రహ్మగుప్తుడు అడిగిన పిమ్మట పండ్రెండువందల యేండ్లకు పైగా గడచిన తరువాత కంటికి కనబడు సాక్ష్యము లభించెను. పెద్దలను ప్రశ్నించుట అవినయము కాదనియు, ప్రశ్నకు కొలతయే జవాబనియు ఈ కథ వలన బాలురు గ్రహింపవలెను.

తనచుట్టు తాను తిరుగుట గాక, భూమి సూర్యుని చుట్టును 365 దినములపై ఆరు గంటలలో తిరుగుచున్నది. దీని వేగము సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు. ఇచ్చట బాలురు సాధారణముగా ఒక పొరపాటు పడుదురు. సూర్యునకు దగ్గరైనపుడు వేసవియు, దూరమైనపుడు చలికాలమును వచ్చునని తలతురు. నిజమునకు భూమి సూర్యునకు అత్యంత సమీపమున నుండునది జనవరి మొదటి వారమున. అనగా సంక్రాంతికి ముందు భోగిమంటలకు పిడకలు కూర్చుకొను చలిదినములలో. అప్పటి దూరము సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. రోహిణికార్తెలో రోళ్లు పగులునని సామెత. ఆ కార్తె గడచిన నెలకే, జూలై మొదటి వారమున, భూమి సుమారు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండును. ఋతువులకు కారణము దూరము కాదు. భూమి అక్షము సుమారు 23½ భాగలు ఒరిగియుండుటయే కారణము. అందుచే సంవత్సరములో కొంతకాలము సూర్యకిరణములు నిలువుగను, కొంతకాలము ఏటవాలుగను పడును. దీనికిని శంకువే సాక్షి. విజయవాడలో మే మొదటి వారమునను, ఆగస్టు మొదటి వారమునను, ఒక్కొక్క దినము మధ్యాహ్నమున కొయ్య నీడ పూర్తిగా మాయమగును. డిసెంబరులో అదే కొయ్యకు పొడవైన నీడ పడును.

ఇక సూర్యకుటుంబము. ఇంటిలో పంచాంగము చూచు బాలునకు నవగ్రహములు తెలియును: రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని, రాహువు, కేతువు. పాఠ్యపుస్తకములో ఎనిమిదే గ్రహములు. అందు భూమి ఒకటి. ఈ రెండును పరస్పరము కొట్లాడుకొనునవి కావు. పూర్వులు నక్షత్రముల నడుమ చలించుదానిని గ్రహమనిరి. నేటి శాస్త్రము సూర్యుని చుట్టు తిరుగు పెద్ద గోళములనే గ్రహములనుచున్నది. కావున సూర్యుడు నక్షత్రమయ్యెను, చంద్రుడు ఉపగ్రహమయ్యెను, భూమి వరుసలో చేరెను. రాహుకేతువులు చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు రెండు బిందువులు. లెక్కకు గలవు, గోళములుగా లేవు. 1781లో యురేనస్ కనుగొనబడెను. 1846లో నెప్ట్యూన్ ముందు కాగితముపై లెక్కలో దొరికి, పిదప దూరదర్శినిలో కనబడెను.

వీని పరిమాణములు అంకెలలో చెప్పినచో చెవికి సోకి మరచిపోవును. గ్రంథాలయపు గుమ్మమున ఒక మీటరు వెడల్పుగల గోళమును సూర్యునిగా ఉంచవలెను. 42 మీటర్ల దూరమున పెసరగింజ బుధుడు. 78 మీటర్ల దూరమున శనగగింజ శుక్రుడు. 107 మీటర్ల దూరమున మరియొక శనగగింజ మన భూమి. దానికి జేనెడు దాటిన దూరమున ఆవగింజంత చంద్రుడు. 164 మీటర్ల దూరమున పెసరగింజకంటె కొంచెము పెద్దదిగా కుజుడు. 560 మీటర్ల దూరమున పెద్ద దానిమ్మపండు గురువు. కిలోమీటరు దాటిన తరువాత బత్తాయిపండు శని. రెండు కిలోమీటర్లు దాటి ఒక నిమ్మకాయ యురేనస్; మూడు కిలోమీటర్లు దాటి, పొరుగూరి పొలిమేరలో, మరియొక నిమ్మకాయ నెప్ట్యూన్. ఇదే లెక్కలో మనకు మిక్కిలి దగ్గరి నక్షత్రమును ఉంచుటకు 28,000 కిలోమీటర్లకు పైగా పోవలెను. అంతటి దూరమునకు ఊరే కాదు, భూగోళమే చాలదు. సముద్రములు, పర్వతములు, రాజ్యములు, వాని తగవులు సమస్తమును ఆ శనగగింజపైననే ఉన్నవి. అందువలన ఆ గింజ అల్పమైనది కాదు. ఇంతవరకు ప్రాణులున్నట్లు తెలిసిన చోటు అది ఒక్కటే.

గ్రహణమనగా ఈ గింజల నీడల ఆటయే. చంద్రుని నీడ భూమిపై పడిన సూర్యగ్రహణము. భూమి నీడ చంద్రునిపై పడిన చంద్రగ్రహణము. ఆర్యభటుడును ఇట్లే చెప్పెను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినపుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సముద్రము దాటి గుంటూరు వచ్చి, వర్ణపటదర్శినితో సూర్యుని అంచున ఎగయు జ్వాలలను పరిశీలించెను. ఆ సంవత్సరపు పరిశీలనలలో గుర్తింపబడిన పసుపుపచ్చని రేఖ యొకటి అప్పటికి తెలిసిన ఏ మూలపదార్థమునకును సరిపడలేదు. దానికి హీలియమని పేరిడిరి. 1895లో గాని అది భూమిపై దొరకలేదు. లోకమంతయు తలుపులు మూసికొను గడియలో గుంటూరున ఒకడు కన్ను తెరచి చూచుటచే సూర్యుని గుట్టు కొంత తెలిసినది. బాలురు మాత్రము సూర్యుని సూటిగా చూడరాదు, కన్నులు చెడును. గ్రహణవేళ చింతచెట్టు నీడలో నేలపై పడు వెలుగు చుక్కలను చూచిన చాలును. అవన్నియు చిన్న చిన్న నెలవంకలై యుండును.

చివరగా గ్రంథాలయమును గూర్చి ఒక్కమాట. ఈ గ్రంథాలయము పుట్టిననాటి పుస్తకములలో ప్లూటోతో కూడ తొమ్మిది గ్రహములని యుండును. 1930లో కనుగొనబడిన ప్లూటోను 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘము మరుగుజ్జు గ్రహముగా నిర్ణయించెను. అంతమాత్రమున ఆ పాత పుస్తకములను పారవేయ నక్కరలేదు. పుస్తకము తెరచునపుడు అచ్చుపడిన సంవత్సరము చూచి, ఆ ప్రక్కన క్రొత్త పుస్తకమును ఉంచుకొని చదువవలెను. పాత చిట్టాను క్రొత్త చిట్టాతో సరిచూచినట్లే యిది. తప్పు దిద్దుకొన్న చిట్టాకే విలువ యెక్కువ.

రేపు మధ్యాహ్నము పాఠశాల ఆవరణలో ఒక కొయ్య పాతి, దాని నీడ కొలిచి, తేదీతో వ్రాసియుంచు బాలుడు గాని బాలిక గాని ఒక్కరున్నను ఈ రజతోత్సవము సార్థకమగును. సంవత్సరము గడచునప్పటికి ఆ పుస్తకమున భూమి తన చరిత్రను తానే వ్రాసికొనియుండును. అప్పుడు పరీక్షలో వ్రాయునదియు, మనస్సులో నమ్మునదియు ఒక్కటే యగును.

స్వస్తి.