తాయెత్తు లేని ప్రేమ

(మంచిర్యాలలో "షిరాజ్" మూగ సినిమా చూపించినంక చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడు మనం చూసిన సినిమాల ఒక్క మాట లేదు. మాటలకు బదులు తెర మీద ఇంగ్లీషు అక్షరాలొచ్చినయి. మేం పక్కన నిలబడి చదివి తెలుగుల చెప్పినం. ఇది మేం కనిపెట్టిన పద్ధతి కాదు. మూగ సినిమాల కాలంల తెర పక్కన ఒకాయన నిలబడి గిట్లనే చదివి చెప్పేటోడు. అక్షరాన్ని కోట్లాది మంది దాకా రానియ్యని దేశంల సినిమా కూడా ఒకరి నోటి నుంచే జనానికి అందింది.

"కూలి గురించి, భూమి గురించి మాట్లాడుకోవలసిన చోట 1928 నాటి ప్రేమకథ ఎందుకు సారూ?" అని ఒక తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్న. కూలి కోసం పదిమందిమి కలిసి కొట్లాడుతం. హోటల్ల రెండు గ్లాసుల పద్ధతి మీద వాడంతా కదిలి పోతది. కాని ఊరికీ వాడకూ నడుమ ఉన్న గోడను ప్రేమించి దాటినోళ్లు ఇద్దరే ఉంటరు. వాళ్ల వెనుక సంఘం ఉండదు, జెండా ఉండదు. చాలాసార్లు కన్నతల్లి కూడా ఉండదు. అందుకే ఈ సంగతి పదిమందిల మాట్లాడాలె.

ముందు సినిమాను మెచ్చుకుందాం. మెచ్చుకోదగ్గదే. దీన్ని తీసింది జర్మనీ దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్. కథ నిరంజన్ పాల్ రాసిన నాటకం. షిరాజ్ వేషం కట్టింది హిమాంశు రాయ్. సెలీమాగా ఏణాక్షీ రామారావు, రాజకుమారుడు ఖుర్రంగా చారు రాయ్ నటించిన్రు. సెట్టింగులు వేసి మోసం చేయలేదు. మనం చూసిన కోటలు నిజమైనవి, తాజ్‌మహల్ నిజమైనది. ఎండ కూడా నిజమైన ఎండే.

కథ మళ్లొకసారి తలుచుకుందాం. దారిల దోపిడీ జరుగుతది. ఒక పసిపిల్ల ఒక్కతే మిగులుతది. కుమ్మరాయన ఎత్తుకొచ్చి సాదుకుంటడు. ఆ పిల్లే సెలీమా. కుమ్మరాయన కొడుకు షిరాజ్ ఆమెతోనే పెరిగి, ఆమె మీదనే ప్రాణం పెట్టుకుంటడు. బానిసల వ్యాపారులు సెలీమాను ఎత్తుకపోయి అమ్ముతరు. కొన్నది రాజమహలు. అక్కడ ఖుర్రం ఆమె మీద మనసు పడతడు. ఆమె కోసం కోట దాకా పోయిన షిరాజ్‌కు ఏనుగు కాళ్ల కింద తొక్కించే శిక్ష పడతది. ఏనుగు కాలు లేచినప్పుడు మన పిల్లలు ఊపిరి బిగబట్టిన్రు. డైలాగు లేదు, పాట లేదు. ఒక కాలు, దాని కింద ఒక పేదోడి తల. రాజ్యం అంటే ఏందో చెప్పడానికి గంతకంటే ఏం కావాలె?

ఇగ అసలు మెలిక ఇక్కడున్నది. ఖుర్రం ప్రేమించిండు, సెలీమా కూడా ప్రేమించింది. అయినా పెండ్లి కాదు. ఎందుకంటే ఆమె బానిస, కుమ్మరోళ్ల ఇంట్ల పెరిగిన పిల్ల. ఈ ముడిని సినిమా ఎట్ల విప్పింది? రాజు మారిండా? చట్టం మారిందా? లేదు. ఒక తాయెత్తు బయటపడ్డది! ఆ తాయెత్తు చూస్తే సెలీమా పుట్టుక రాచపుట్టుకే అని తేలింది. ఇగ అడ్డం లేదు, మేళం మోగింది.

అంటే గోడ కూలలేదు. ఈ పిల్ల మొదటి సంది గోడకు అవతలి పిల్లే అని తేలింది, అంతే. గోడకు ఒక్క ఇటుక కూడా ఊడలేదు. నిజంగా కింది పుట్టుక పుట్టి, నిజంగా ప్రేమించిన షిరాజ్‌కు ఏం మిగిలింది? ముసలితనం, పోయిన చూపు. మహారాణి చనిపోయినంక ఆమె సమాధికి నమూనా తయారు చేసే పని. ప్రేమ రాజుది, పేరు రాజుది, పనితనం కుమ్మరోడిది. ఇది చరిత్ర కాదు, కల్పించిన కథే. అయినా కట్టినోడి పేరు పోయి కట్టించినోడి పేరు నిలవడం మనకు కొత్తనా?

ఇంకో సంగతి. ఎక్కడో ఆగ్రా కథ అనుకోవద్దు. 1922లో ధీరేంద్రనాథ్ గంగూలీ హైదరాబాదుల లోటస్ ఫిలిం కంపెనీ పెట్టిండు. మన మంచిర్యాల కూడా అప్పుడు నిజాం రాజ్యంలోనిదే. 1924లో ఆయన "రజియా బేగం" అనే మూగ సినిమా ఆడించిండు. ముస్లిం రాణి ఒక హిందువును ప్రేమించే కథ. నిజాం కోపానికొచ్చి ఆయనను రాజ్యం విడిచిపొమ్మన్నడు. తెర మీద ఒక ఆడది గీత దాటి ప్రేమిస్తేనే సింహాసనం ఉలిక్కిపడ్డది.

సింహాసనమే కాదు, టికెట్టు కొన్నోళ్లు కూడా ఉలిక్కిపడ్డరు. మలయాళంల మొదటి సినిమా "విగతకుమారన్", అదీ మూగదే. తీసినాయన జె.సి. డేనియల్. అందుల పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయర్ స్త్రీ వేషం కట్టింది. తిరువనంతపురంల అగ్రకులాల ప్రేక్షకులు తెర మీద రాళ్లేసిన్రు. ఆమె ఇంటి మీద పడ్డరు. ఆమె ఊరిడిసి పారిపోవలసి వచ్చింది. వేషానికి కూడా తాయెత్తు అడిగిన్రన్నమాట! మన చిందు కళాకారులకు ఈ నొప్పి తెలుసు. రాత్రంతా రాజు వేషం, రాణి వేషం. తెల్లారితే మళ్లీ ఊరవతలికే.

షిరాజ్ తీసిన ఆస్టెన్, హిమాంశు రాయ్, నిరంజన్ పాల్ 1936లో "అఛూత్ కన్య" తీసిన్రు. అప్పటికి సినిమాకు మాటలొచ్చినయి. బ్రాహ్మణ పిల్లగాడు, దళిత పిల్ల. ఈసారి తాయెత్తు లేదు, నిజమే. కాని ఆ పిల్ల రైలు గేటు కాడ ప్రాణం పోగొట్టుకుంటది. అదే ఏడు బాబాసాహెబ్ అంబేద్కర్ "కులనిర్మూలన" అచ్చేయించిండు. సహపంక్తి భోజనాలతోని కులం పోదు, కులాంతర వివాహమే అసలు మందు, ఆ పెండ్లిని అడ్డుకునే శాస్త్రాల మీది నమ్మకం పోవాలె అని చెప్పిండు. సినిమా కన్నీళ్లు పెట్టుకుంటున్న ఏటనే ఆయన రోగానికి మందు రాసి చేతిల పెట్టిండు.

తెలుగుల ఈ దారిల పెద్ద అడుగు 1938 నాటి "మాలపిల్ల". గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు, కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. పూజారుల ఇంటి పిల్లగాడు నాగరాజు, మాలవాడ పిల్ల శంపాలత. ఆ వేషం కాంచనమాల కట్టింది. ఈ సినిమాను మనం ఎందుకు గౌరవించాలె? శంపాలత ఎవరో జమీందారు బిడ్డ అని ఆఖర్ల తేలదు. మొదటి సంది చివరి దాకా మాలపిల్లే. సినిమా పేరే అది! పోస్టర్ల మీద, గోడల మీద ఆ మాట పెద్దక్షరాలతోని రాయించిన ధైర్యం చిన్నది కాదు.

అయినా ఒక్క ప్రశ్న అడగాలె. పిల్లగాని తండ్రి మనసు ఎప్పుడు మారింది? తన భార్య మంటల్ల చిక్కుకుంటే ఒక దళితుడు కాపాడినంక మారింది. ఇదీ ఒక తీరు తాయెత్తే. మేం మనుషులమని రుజువు చేసుకోవడానికి మేం మంటల్ల దూకాల్నా? ఎదుటోడికి ఏ రుజువూ అక్కర లేనప్పుడు మనకెందుకు?

తమ్ముళ్లారా, ఈ తాయెత్తు మాట మీకోసమే ఎత్తుకున్నం. మేం బడిల పాఠాలు చెప్పుకొని బతికేటోళ్లం. మా ఇండ్లల్ల డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. చదువుకోండ్రి అని మీకు రోజూ చెప్తం, ఇక ముందు కూడా చెప్తం. కాని చదువు తాయెత్తు అని మాత్రం చెప్పం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడల ప్రణయ్‌ను గర్భవతి అయిన భార్య కండ్ల ముందే నరికి చంపిన్రు. చదువున్నది, ఇల్లున్నది, కన్నోళ్ల అండ ఉన్నది. ఏదీ ఆపలేదు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. న్యాయం జరిగింది అనుకుందాం. మనిషి తిరిగి రాలేదు.

మరేం చేయాలె? ప్రేమ వద్దని చెప్పాల్నా? ఆ మాట చంపేటోడు చెప్తడు, మనం చెప్పం. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెండ్లికి దరఖాస్తు పెడితే ముప్పై రోజులు నోటీసు అతికిస్తరు. ఆ ముప్పై రోజులే గండం. ఆ జంటకు తల దాచుకునే ఇల్లు సంఘం చూపాలె. కులాంతర జంటలకు బెదిరింపులొస్తే రక్షణ ఇయ్యాలని, ప్రతి జిల్లాల ప్రత్యేక విభాగం ఉండాలని, రక్షిత గృహాలు చూడాలని 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. మన జిల్లాల అది ఎక్కడున్నది? పోయి అడుగుదాం. ఒక్కరం కాదు, వందమందిమి పోదాం.

ఇంకో గోడ మన వాడలోనే ఉన్నది. మాల ఇంటికి మాదిగ పిల్ల కోడలుగ వస్తనంటే ఎన్ని ఇండ్ల తలుపులు తెరుచుకుంటయి? ఊరోళ్లను తాయెత్తు అడగొద్దనేటోళ్లం మనం కూడా అడగొద్దు. పిల్లగాండ్లకు ఒక మాట: సెలీమాను బజార్ల అమ్మినప్పుడు ఆమె ఇష్టం ఎవరూ అడగలేదు. ప్రేమ పేరు మీద మీరు కూడా అడగకుంట ఉంటిరా, మీరు షిరాజ్ కాదు, ఆమెను అమ్మినోడే.

సినిమాలకు మాటలొచ్చి తొంభై ఏండ్లు దాటింది. మన వాడల ప్రేమించిన పిల్లలు మాత్రం ఇంకా మూగగానే ఉన్నరు. వాళ్ల పక్కన నిలబడి, వాళ్ల మాట ఊరికి వినపడేటట్టు చదివి చెప్పేటోళ్లు కావాలె. ఆ పనికి ఇక్కడ కూసున్న వాళ్లల్ల ఎవరెవరు వస్తరో, పోయేముందు పేర్లు రాసిపోండ్రి.

జై భీమ్.